ఆరువేల నాలుగొందలు

అంతర్వేది పల్లిపాలెం. తెల్లవారుజాము మూడున్నర.
నావలు ఒడ్డుకొచ్చే వేళకి కరెంటు పోయింది.
జనరేటరు కుర్రాడు ఇంకా సఖినేటిపల్లి దాటలేదట.
ఇసకలో ఒక్కటే బ్యాటరీ దీపం,
అదీ చేపల కోసం పెట్టింది,
నా కోసం కాదు.

నా కెమెరా సెకండ్ హ్యాండుది.
రాజమండ్రిలో ఆరేళ్ళు పెళ్ళిళ్ళు చూసి చూసి అలిసిన కన్ను.
నాలుగొందల దగ్గర బుద్ధిగా ఉంటుంది,
పదహారొందల దగ్గర గొణుగుతుంది,
ఆరువేల నాలుగొందలకి తిప్పితే
ఇంక పూనకమే.

మలికిపురంలో సాంబమూర్తి గారి దగ్గర పని నేర్చుకున్నప్పుడు
రీలు మీద గింజ ఉండేది.
"గింజ బాగా పడిందిరా" అనేవాడాయన
కళ్ళంలో రైతులాగా, కోపం లేకుండా.
ఇప్పుడు దాన్ని నాయిస్ అంటున్నారు.
బొమ్మలో రొదేమిటని మా ఆవిడ నవ్వింది.

రొదే.
చెవులు రెండూ అరచేతులతో మూసుకుని చూడు,
హోరు వినబడుతుంది. సముద్రం కాదది, నీ నెత్తురు.
వెలుతురు చాలనప్పుడు సెన్సారుకీ అంతే.
రాని కబురు కోసం చెవి రిక్కించి, రిక్కించి,
చివరికి తన ఒంటి సలుపునే
ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా
చీకటి మీద చల్లుకుంటుంది.

ఆ దీపం పక్కన ఓలేటి నూకరత్నం
పాటలో అమ్ముడుపోని చేపల్ని ఉప్పుకి చీరుతోంది.
కత్తి ఎదురు గీస్తే పొలుసులు లేస్తున్నాయి.
నావ అంచుకి మోచెయ్యి ఆన్చాను.
పదిహేనో వంతు సెకను. ఊపిరి బిగబట్టాను.
ఆమె కూడా, ఎందుకో, ఆ క్షణం కత్తి ఆపింది.

రాజోలు వచ్చి కంప్యూటర్లో తెరిస్తే
బొమ్మంతా చీమలపుట్ట.
రొద తగ్గించే మీటని కుడికి లాగాను.
ఆకాశం సర్దుకుంది.
ఇంకా లాగాను, ఇసక తివాచీ అయింది.
ఇంకొంచెం.
నూకరత్నం మొహం వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళలా
ఎంత నున్నగా వచ్చిందని!
పెద్ద సైజు ప్రింటు తీసి, లామినేషన్ చేయించి
ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చాను.

ఎండలో పట్టుకుని చాలాసేపు చూసింది.
"మొకం పరవాలేదు బాబూ.
ఈ సెయ్యెవరిది?"
మీదేనన్నాను.
"నా సేతి మీద పొలుసులేవి మరి?
పద్నాలుగో ఏట అంటుకున్నాయి,
పెళ్ళినాడు సున్నిపిండెట్టి తోమినా పోలేదు,
నువ్వేటెట్టి తోమేవు?"

చెయ్యి చాపింది.
మోచేతి నుంచి గోళ్ళ దాకా ఎండిన పొలుసులు.
కాస్త తిప్పితే ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా,
మణికట్టు దగ్గర ఒకటి ఆకుపచ్చగా.
నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి అసలు ఫైలు మళ్ళీ తెరిచాను.
మీటని ఎడమకి, సున్నా దాకా, తోసేశాను.
నూటికి నాలుగొందల వంతున పెద్దది చేసి
చుక్క చుక్కా చెరిగాను.
ఇది యంత్రం సలుపు, ఇది చేప ఒంటిది, ఇది...
తాలేదో గింజేదో తేలలేదు.
చీకటి రెంటినీ ఒకే చేటలో పోసింది.
రెండు దాటాక కళ్ళు మండి, అలాగే ప్రింటుకి పంపేశాను.
ల్యాబులో కుర్రాడు ఫోన్ చేశాడు,
"అన్నా, పాడైపోయిన ఫైలు పంపావు."

నూకరత్నం ఈసారి ముందు చేతినే చూసుకుంది.
తర్వాత మొహం.
తర్వాత వెనక చీకటిని, గరుగ్గరుగ్గా ఉన్నదాన్ని,
వేలితో తడిమింది.
"ఆ రేత్రి ముసురు పట్టిందేటి?"
లేదండి, అదీ, వెలుతురు తక్కువైతే మిషను...
"పట్టే ఉంటాదిలే" అంది.

డబ్బులు తీసుకోనంటే
కాగితంలో చుట్టి నాలుగు ఉప్పుచేపలు
నా కెమెరా సంచీలో కుక్కింది.
మూడు నెలలయింది. వాసన పోలేదు.
మొన్న శివకోడులో పెళ్ళికెళితే
పెళ్ళికూతురి మేనత్త
ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని
ఇంకొంచెం దూరం నుంచి తియ్యమంది.